కాన్పు వేళ పక్కన ఎవరుంటారు? ఆదోని అమ్మాయి ప్రశ్నకు సమాధానం

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీకిది తొలి కాన్పు, ఏడో నెల నిండింది, రక్తపోటు, చక్కెర, స్కానింగు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అయినా మీరు చూపించుకుంటున్న చోట "మీరు పొట్టిగా, సన్నగా ఉన్నారు, నొప్పులు పడలేరు, మంచి రోజు చూసుకుని రండి" అన్నారని, అత్తగారింట్లో అప్పుడే పంచాంగం తెరిచారని, మీ అమ్మగారు మాత్రం మామూలు కాన్పే మేలంటున్నారని రాశారు. మిడ్‌వైఫ్ చేతి మీదుగా కాన్పు కావాలనుకోవడం వెనకటి కాలానికి పోవడమా, అసలు ఈ విషయంలో ఆడమనిషికి అడిగే హక్కు ఉందా అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను కర్నూలు, అనంతపురం జిల్లాల కాన్పు గదుల్లో 31 సంవత్సరాలు నర్సుగా పనిచేసి, చివరి కొన్నేళ్లు నర్సింగ్ విద్యార్థినులకు మిడ్‌వైఫరీ పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. మిమ్మల్ని నేను పరీక్షించలేదు కాబట్టి మీ కాన్పు ఎలా జరగాలో చెప్పను. ఏం అడగాలో, ఎందుకు అడగాలో చెబుతాను. రెండో ప్రశ్నకు సమాధానం ఒక్క మాటే: ఉంది. మొదటిదానికి కొంత వివరం కావాలి.

చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. మిడ్‌వైఫ్ అనే మాటకు నిఘంటువులో మంత్రసాని అని ఉంటుంది. మంత్రసాని అనగానే మన పెద్దవాళ్లకు చీకటి కొట్టం, నులక మంచం, కొడవలితో కోసిన బొడ్డు గుర్తుకు వస్తాయి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పత్తికొండ వైపు పల్లెల నుంచి ధనుర్వాతంతో కొయ్యలా బిగుసుకుపోయిన పసిబిడ్డలను ఒడిలో పెట్టుకుని తల్లులు బస్సు దిగేవారు. వాళ్లలో చాలామంది బిడ్డలు మళ్లీ ఇంటికి వెళ్లలేదు. పసిబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన రోజున నేను నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నాను. కనుక ఇంటి కాన్పులకు తిరిగి వెళ్దామని నేను ఎన్నడూ అనను, మీరు కూడా ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

అయితే ఆ మంత్రసాని దగ్గర ఒక గుణం ఉండేది. నొప్పులు మొదలైన గడియ నుంచి బిడ్డ పుట్టి, మాయ పడి, తల్లి గంజి తాగేదాకా ఆమె ఆ గడప దాటేది కాదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాల్సిందే అన్న సామెతను మనం వేరే సందర్భాల్లో తేలికగా వాడేస్తుంటాం గానీ, ఆ వృత్తి ధర్మం మొత్తం అందులోనే ఉంది. కాన్పు ఆస్పత్రికి మారినప్పుడు శుభ్రత, రక్తం, ఆపరేషన్ గది, మత్తు డాక్టరు మనకు దక్కాయి. పక్కన ఉండే మనిషి మాత్రం పోయింది. చదువుకున్న మిడ్‌వైఫ్ ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చే మనిషి.

మిడ్‌వైఫ్ డాక్టరుకు పోటీ కాదు. ఏ చిక్కూ లేని గర్భిణికి పరీక్షలు చేయడం, నొప్పుల వేళ వెంట ఉండి కాన్పు చేయడం, బాలింతను, బిడ్డను చూసుకోవడం ఆమె పని. ఏదైనా దారి తప్పుతున్నట్టు కనిపిస్తే వెంటనే గుర్తించి డాక్టరును పిలవడం అందులో అన్నిటికంటే పెద్ద భాగం. మన దేశంలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవారు నర్సుగానే కాక మిడ్‌వైఫ్‌గా కూడా నమోదవుతారు. ఏఎన్ఎం అన్న మూడక్షరాల్లో చివరిది కూడా మిడ్‌వైఫే. పట్టాలో ఆ మాట ఉన్నా, కాన్పు గదిలో మాకు సొంతంగా నిర్ణయం తీసుకునే చోటు చాలాకాలం దొరకలేదు. ఒక్కో నర్సు ఒకేసారి నలుగురు, ఐదుగురు గర్భిణులను చూస్తూ, మధ్యలో రిజిస్టర్లు రాస్తూ, మందుల లెక్క చూస్తూ గడిపిన రాత్రులే ఎక్కువ. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం అనుభవమున్న నర్సులకు 18 నెలల అదనపు శిక్షణ ఇస్తారు, పెద్దాస్పత్రుల ఆవరణలోనే మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే విభాగాలు ఏర్పాటు చేస్తారు. ఆస్పత్రి ఆవరణలోనే అన్నది గమనించండి. అవసరం పడితే ఆపరేషన్ గది నాలుగు అడుగుల దూరంలో ఉండాలన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన. మీరు వెళ్లే ఆస్పత్రిలో అటువంటి విభాగం ఉందా అని తప్పక అడగండి. లేదంటే కూడా, ఆ రీతి సంరక్షణను ఒక మంచి స్టాఫ్ నర్సు, ఒక మంచి డాక్టరు కలిసి మీకు చాలావరకు అందించగలరు.

ఇక మీకు చెప్పిన ఆపరేషన్ సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది మనం గర్వించవలసిన మాట. అదే సర్వేలో మొత్తం కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది 26.6 శాతం, ప్రైవేటులో 63 శాతం. కష్టమైన కేసులు చివరికి చేరేది కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాస్పత్రులకే అయినా, ఎక్కువ కోతలు పడుతున్నది ప్రైవేటు గేటు లోపలే. రోడ్డుకు ఈ పక్కన ఉన్న ఆస్పత్రికి వెళ్తే నలుగురిలో ఒకరికి, ఆ పక్కకు వెళ్తే ఐదుగురిలో ముగ్గురికి ఆపరేషన్ అవసరమయ్యేంత తేడా మన ఆడవాళ్ల శరీరాల్లో ఉండదు. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లుల, బిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ప్రైవేటు డాక్టర్లందరూ డబ్బు కోసమే కోస్తారని అనడం నాకు ఇష్టం లేదు, అది నిజం కూడా కాదు. ఒక్క డాక్టరే రాత్రీ పగలూ అన్ని కాన్పులూ చూసుకోవలసిన చిన్న నర్సింగ్ హోంలో, పద్దెనిమిది గంటలు కూర్చుని కనిపెట్టుకునే మిడ్‌వైఫ్ లేనప్పుడు, తెల్లవారుజామున ఏదైనా జరిగితే బంధువులు వచ్చి మీద పడతారన్న భయం ఉన్నప్పుడు, పగటిపూట ఆపరేషన్ చేసేయడమే క్షేమమని అనిపిస్తుంది. అందుకే పక్కన ఉండే మనిషిని గురించి ఇంతగా చెబుతున్నాను.

"పొట్టిగా ఉన్నారు కాబట్టి" అన్న కారణాన్ని కూడా కాస్త నిలదీయండి. పొట్టిదనం గమనించవలసిన విషయమే. కానీ బిడ్డ తల తల్లి కటిలో పడుతుందా లేదా అన్నది ఎక్కువమందిలో నొప్పులు వచ్చి, కొంతదూరం నడిచాకే తేలుతుంది. ఏడో నెలలో ఎత్తు చూసి తేల్చగలిగేది కాదు.

నొప్పుల వేళ కాలాన్ని ఎలా లెక్కపెడతామన్నది మరో పెద్ద విషయం. 1955లో ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ డాక్టరు ఒకే ఆస్పత్రిలోని 500 మంది తొలి చూలాళ్లను గమనించి గీసిన గీత ఆధారంగా, గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్క మా తరానికి పాఠంగా వచ్చింది. ఆ లెక్కకు అందని ప్రతి తల్లికీ డ్రిప్పులో నొప్పుల మందు పెట్టడం, అయినా కదలకపోతే ఆపరేషన్‌కు పంపడం మేము అలవాటుగా చేశాం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఒక సెంటీమీటరు లెక్కను పట్టుకుని జోక్యం చేసుకోవద్దని, నొప్పుల అసలు దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, తల్లీ బిడ్డల పరిస్థితి బాగున్నంతవరకు ఓపిక పట్టాలని స్పష్టంగా చెప్పింది. అంతకుముందు నేను తొందరపెట్టిన తల్లులు ఎంతమందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఓపిక పట్టడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటోందా అని అరగంటకొకసారైనా వినాలి, తల్లి రక్తపోటు, నాడి చూడాలి, ఉమ్మనీరు రంగు చూడాలి, నొప్పికీ నొప్పికీ మధ్య ఆమె ముఖం చూడాలి. అది చేయడానికి మనిషి కావాలి.

అలా మనిషి ఉంటే ఏమవుతుందో పరిశోధకులు లెక్కలు కట్టి చూశారు. గర్భం నుంచి బాలింత దశ దాకా ఒకే మిడ్‌వైఫ్ బృందం చూసుకున్న తల్లుల మీద జరిగిన 15 అధ్యయనాలను, 17,674 మంది వివరాలను కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో ప్రచురించిన సమీక్షలో నెలలు నిండని కాన్పులు, పట్టకార్లతో, వాక్యూమ్‌తో లాగవలసిన కాన్పులు, బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర పెట్టే కోతలు తగ్గాయని తేలింది. సిజేరియన్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఆ సమీక్షలో కనబడలేదు. ఆ మాట దాచి మిడ్‌వైఫరీ గొప్పదనం చెప్పడం సరికాదు. ఆ అధ్యయనాలు సంపన్న దేశాల్లో జరిగినవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇక నొప్పుల వేళ నమ్మకమైన మనిషి నిరంతరం తోడుగా ఉండటం గురించి 26 అధ్యయనాల మీద, 15,858 మంది మీద 2017లో వచ్చిన మరో సమీక్షలో మామూలు కాన్పులు పెరిగాయని, సిజేరియన్లు తగ్గాయని, నొప్పుల సమయం కూడా కొంత తగ్గిందని కనిపించింది. ఆ తోడు మీ అమ్మగారైనా కావచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల కాన్పు గదుల్లో తోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. కాన్పు గదుల నాణ్యత కోసం 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలో కూడా అది ఒక అంశం. "లోపలికి ఎవరూ రాకూడదు" అని గుమ్మం దగ్గర ఆయా అంటే, ఈ సంగతి మర్యాదగా చెప్పి సిస్టరును పిలిపించండి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కాన్పు గదుల్లో తల్లుల మీద అరవడం, తొడ మీద కొట్టడం, "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అనడం నేను చూశాను. పేరు చెప్పను గానీ ఒక ఆస్పత్రిలో నా కళ్లముందే, నొప్పులు భరించలేక మంచం దిగిన పందొమ్మిదేళ్ల పిల్లను ఇద్దరు కలిసి లాగి పడుకోబెట్టి, పొట్ట మీద మోచేత్తో నొక్కారు. ఆ రోజు నేను కూడా అడ్డు చెప్పలేదు, కొత్తలో నేనూ అరిచినదాన్నే. ఆ పిల్ల రెండో కాన్పుకు ఆస్పత్రికి రానని మొండికేసి, ఆలస్యంగా, ఒంట్లో రక్తమంతా పోయాక వచ్చింది. బతికింది. అగౌరవం మనసుకే గాక ప్రాణానికి కూడా ముప్పని నాకు ఆమె నేర్పింది. పొట్ట నొక్కడం చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో ఉంది. అందరికీ అలవాటుగా కాన్పు దారి దగ్గర కోత పెట్టడం, గొరగడం, ఎనిమా ఇవ్వడం అక్కర్లేదని కూడా అక్కడే ఉంది. చిక్కులు లేని తల్లి నొప్పుల్లో నీళ్లు, మజ్జిగ తాగవచ్చు, తేలికగా తినవచ్చు, నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పక్కకు తిరిగి పడుకుని కనవచ్చు. వెల్లకిలా పడుకుని కాళ్లు కట్టించుకోవడం కనేవాళ్ల సుఖం కోసం వచ్చింది కాదు. బిడ్డ పుట్టాక బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగమని అడగండి. రక్తహీనత ఉన్న గర్భిణులు సగానికి పైగా ఉన్న మన రాష్ట్రంలో ఆ నిమిషంలో బిడ్డకు చేరే రక్తం చిన్న విషయం కాదు. బిడ్డను తుడిచి నేరుగా మీ రొమ్ము మీద పెట్టి గంటసేపు ఉంచమనండి, ముర్రుపాలు పట్టించండి.

ముహూర్తం గురించి మీ అత్తగారింటివారితో గొడవ పడవద్దు, వారు కూడా బిడ్డ మేలే కోరుతున్నారు. జాతకం బిడ్డ పుట్టిన గడియను బట్టి రాస్తారు. గడియను ముందుగా రాసిపెట్టి బిడ్డను దానికి అప్పగించమని మన పెద్దలు చెప్పలేదని నెమ్మదిగా చెప్పి చూడండి. దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పండి: 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా కోసి తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. మంచి రోజు 37వ వారంలో పడిందని కోయించుకుని, ఆ మంచి రోజంతా బిడ్డను అద్దాల పెట్టె బయట నిలబడి చూసిన కుటుంబాలు నాకు తెలుసు.

తొలి కాన్పు కాబట్టి ఇంకో లెక్క కూడా ఉంది. మొదటి సిజేరియన్ కోత రెండో కాన్పును, మూడో కాన్పును మార్చేస్తుంది. కోతలు పెరిగేకొద్దీ మాయ గర్భాశయం కిందికి దిగడం, పాత కుట్టులో లోతుగా అతుక్కుపోవడం పెరుగుతాయి. ఇప్పటికే ఒక సిజేరియన్ అయినవారు నిరాశ పడనక్కర్లేదు: తగినవారిని ఎంచి మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి ఫలిస్తుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెబుతోంది. పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది కాబట్టి, ఆ ప్రయత్నం రక్తం, మత్తు డాక్టరు, ఆపరేషన్ గది సిద్ధంగా ఉన్న చోటే చేయాలి.

హక్కు విషయానికి వస్తే, మన దగ్గర ఆపరేషన్ కాగితం మీద భర్తో మామో సంతకం పెట్టడం ఆనవాయితీ. పద్దెనిమిదేళ్లు నిండి, స్పృహలో ఉన్న రోగికి బదులుగా తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని, వివరం చెప్పి తీసుకున్న అంగీకారమే అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక సంతకం మీది. ఎందుకు చేస్తున్నారు, చేయకపోతే ఏమవుతుంది, కాసేపు ఆగవచ్చా అని అడగడం మీ పని, చెప్పడం వారి పని. అన్నీ విన్నాక, నొప్పులంటే తట్టుకోలేని భయం ఉండి ఒకామె ఆపరేషనే కావాలంటే, అదీ ఆమె ఎంపికే. వెన్నులో మత్తు ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గించుకుని కనాలన్నా అంతే. ఆమెను తక్కువ చేసి మాట్లాడే హక్కు మిడ్‌వైఫ్‌లకు లేదు.

ఆపరేషన్ ప్రాణం పోసే సందర్భాలు ఉన్నాయి, వాటిని నేను ఎంతో గౌరవంతో చెబుతున్నాను. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ దారికి అడ్డంగా ఉన్నప్పుడు, బొడ్డుతాడు ముందు జారినప్పుడు, బిడ్డ గుండె పడిపోయి కోలుకోనప్పుడు నిమిషాలే లెక్క. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు వలస వెళ్తాయని మీకు తెలిసిందే. అలా వెళ్లిన ఒకామె నిండు నెలలో తిరిగి వచ్చింది, కార్డులో నాలుగు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి, కళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ రాత్రి కాన్పు గదిలో ఉన్న నర్సు రక్తస్రావం మొదలు కాకముందే ఆమె పరిస్థితి గుర్తించి, రక్తం తెప్పించి, డాక్టరును నిద్ర లేపింది. ఆపరేషన్ జరిగి ఇద్దరూ నిలిచారు. నా దృష్టిలో ఆ సిజేరియన్‌లో సగం మిడ్‌వైఫరీయే. అక్కర లేని చోట కోతలు పడుతున్న జిల్లాలోనే, అక్కర ఉన్న వలస కూలీకి అది వేళకు అందకపోవడం నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది.

మీకు ఇంకా పది వారాల సమయం ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షిస్తారు. రిపోర్టులన్నీ పట్టుకుని వచ్చే 9న వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోండి. బిడ్డ తల కిందికి ఉందా, మాయ ఎక్కడ ఉంది, హిమోగ్లోబిన్ ఎంత అన్న మూడింటికి సమాధానం రాయించుకోండి. మామూలు కాన్పు కోసం ఎంతసేపు ఆగుతారు, రాత్రి వేళ ఎవరుంటారు, తోడును రానిస్తారా, కాన్పు దారి దగ్గర కోత అందరికీ పెడతారా అని ఇప్పుడు మీరు చూపించుకుంటున్న చోటా, ప్రభుత్వ ఆస్పత్రిలోనూ అవే మాటల్లో అడిగి పోల్చుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్ అవసరమైతే అది కూడా, మందులు, రక్తం, భోజనంతో సహా ఉచితం. ముఖం, చేతులు వాచినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మీ ఆయన బెంగళూరు నుంచి వచ్చేసరికి కాన్పు అయిపోవచ్చు కాబట్టి లోపలికి ఎవరు వస్తారో ఇప్పుడే అనుకోండి. మీ అమ్మగారు వస్తానంటే ఆ 9వ తేదీన ఆమెను కూడా వెంట తీసుకెళ్లి, కాన్పు గది సిస్టరుకు పరిచయం చేసి రండి. వెళ్లొచ్చాక వారేమన్నారో ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.